ముక్కు ఒప్పుకోవాలి

బందరులో మా మేనమామ రోల్డ్ గోల్డ్ నగలకు రాళ్ళు పొదుగుతాడు. నలభై ఏళ్ళుగా అదే బల్ల, అదే కిటికీ. అరవై దాటాక ఆ కిటికీ వెలుతురు ఆయనకు చాలడం మానేసింది. బల్ల మీద దీపం పెట్టుకుంటే చేతినీడ వచ్చి సరిగ్గా రాయి మీదే పడుతుంది. "ఇంజనీరింగ్ చదివావు గదరా, నా చూపు ఎటు పోతే దీపం అటు పోయేట్టు ఏదన్నా చెయ్యి" అన్నాడు ఒకసారి.

దీపం ఉన్న కళ్ళజోడు చేసిస్తే సరిపోతుందనుకున్నాను. రెండు నెలలు కూర్చున్నాను. బ్లూటూత్ పెట్టాను, ఫోన్లో యాప్ రాశాను. వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ జోడు కాడ మీద టచ్ పెట్టాను. తల వంచగానే వెలిగేలా ఒక సెన్సరు కూడా ఇరికించాను. మావయ్య పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు పనిచేశాడు. తీసి బల్ల మీద పెట్టి, సొరుగులోంచి పాత జోడు తీసి పెట్టుకున్నాడు. అప్పుడేమీ అనలేదు. సాయంత్రం అత్తయ్య టీ ఇస్తుంటే నా వంక చూసి అన్నాడు: "అల్లుడూ, దీపం బానే ఉంది. కళ్ళజోడే లేదు."

ఆయన బల్ల మీదే నగలు తూచే త్రాసు ఉంది. నా జోడు దాని మీద పెడితే 61 గ్రాములు. ఆయన పాత జోడు 24. రెండు నెలల్లో ఒక్కరోజైనా దాన్ని తూచాలని నాకు తోచలేదు.

ఫ్రేములో ఎలక్ట్రానిక్స్ పెట్టాలనుకునేవాళ్ళలో చాలామంది నాలాగే మొదలుపెడతారు. ముందు బోర్డు, ఆ తర్వాత బ్యాటరీ, ఆఖర్న వాటిని కప్పే తొడుగు. ఆ తొడుక్కి రెండు అద్దాలు తగిలిస్తే కళ్ళజోడు అయిపోతుందని నమ్మకం. పని అటునుంచి నరుక్కు రావాలి. ముక్కు మారదు. చెవులు మారవు. చెమట ఆగదు. ఆప్టికల్ షాపులో కాడలు వేడిచేసి వంచక మానరు. ఇవన్నీ ఇంటి యజమానులు, మన సర్క్యూటు అద్దెకొచ్చినవాడు. ఈ అధ్యాయంలో ఆ అద్దెదారుకు గది చూపించే పద్ధతి చెబుతాను. ఎక్కువగా నా తప్పుల నుంచే.

ఇద్దరు బోయీలు

పల్లకీని ముందొకడు, వెనకొకడు మోస్తారు. బరువు ఎవరికి దగ్గరగా ఉంటే వాడి భుజం కుంగుతుంది. కళ్ళజోడుకు ముందు బోయీ ముక్కు, వెనక బోయీ చెవి. అద్దాలన్నీ ముందు బోయీ నెత్తినే ఉంటాయి కాబట్టి మామూలు జోడులో కూడా భారమంతా వాడిదే. పాపం, ఆ బోయీ భుజాలు చూడండి: ముక్కుకు రెండు వైపులా వేలిగోరంత చోటు.

అద్దాల దగ్గర్నుంచి చెవి మీద కాడ ఆనే చోటికి సుమారు 100 మిల్లీమీటర్లు ఉంటుందనుకుందాం. నాలుగు గ్రాముల బ్యాటరీని ముందునుంచి 30 మిల్లీమీటర్ల దూరంలో పెడితే, అందులో 2.8 గ్రాములు ముక్కు మీద పడతాయి. అదే బ్యాటరీని 80 దగ్గర పెడితే 0.8 గ్రాము. చెవి దాటించి 120 దగ్గర పెడితే ముక్కు మీద బరువు పడకపోగా 0.8 గ్రాము తగ్గుతుంది, వెనక వేలాడే బరువు ముందును కాస్త పైకి లేపుతుంది కాబట్టి. త్రాసు మీద మూడు జోళ్ళూ ఒకే బరువు తూగుతాయి. పెట్టుకున్నవాడికి మాత్రం మూడూ మూడు వేర్వేరు జోళ్ళు.

నా మొదటి జోడులో బోర్డూ బ్యాటరీ రెండూ కుడి కాడలోనే ఉన్నాయి, అదీ ముందువైపు. కుడి కాడ 27 గ్రాములు, ఎడమ కాడ 12. మావయ్య తల వంచి పనిచేసే మనిషి. వంచిన ప్రతిసారీ జోడు కుడివైపు జారుతుంటే, చేతిలో పట్టకారు వదిలి దాన్ని పైకి తోసుకోవాలి. ఇరవై నిమిషాలు ఓర్చుకోవడమే ఆయన మంచితనం.

అందుకే సర్క్యూటు గీయకముందే ఒక పని చేయండి. మీ పాత జోడు తీసుకుని, రూపాయి బిళ్ళలు రెండు టేపుతో కాడలకు అంటించండి. ఒక్కో బిళ్ళ సిరీస్‌ను బట్టి మూడు, అయిదు గ్రాముల మధ్య ఉంటుంది. మొదటి రోజు రెండూ ముందువైపు, రెండో రోజు రెండూ చెవి దగ్గర, మూడో రోజు రెండూ ఒకే పక్క. ఇంట్లోనే తిరగండి, నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి. సాయంత్రానికి ముక్కు మీద పడే ఎర్రమచ్చ ఏ రోజు ఎంత ఉందో ఫోటో తీసి పెట్టుకోండి. ఈ మూడు రోజులు నేర్పేది ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు. నేను ఈ పని రెండో జోడు కూడా పాడయ్యాక చేశాను, మీరు ముందే చేయండి.

ఇంకొకటి. మీ జోడు కాడ లోపలివైపు చదవండి. 52, చిన్న చదరం, 18, ఆ పక్కన 145 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది అద్దం వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ఏళ్ళ తరబడి కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు కూడా వీటిని చదివి ఉండరు. మీ ఇంటి స్థలం కొలతలు ఇవే. 145 ఉన్నా అంతా మీది కాదు. చెవి వెనక వంగే భాగం షాపువాడిది, ముందున్న మడతబందు దగ్గరి సెంటీమీటరు మరదిది. మిగిలిన 80, 90 మిల్లీమీటర్లలోనే మీ సంసారం.

ఈ తప్పు చేసింది నేనొక్కణ్ణే కాదు

2013లో గూగుల్ గ్లాస్ ఎక్స్‌ప్లోరర్ ఎడిషన్ 1,500 డాలర్లకు వచ్చింది. తెర, కెమెరా, బ్యాటరీ అన్నీ కుడిపక్కే. అద్దాలు లేవు. పవర్ ఉన్నవాళ్ళ కోసం ఫ్రేములు 2014 జనవరిలో గానీ రాలేదు. మా మావయ్య గూగుల్ గ్లాస్ పేరు కూడా విని ఉండడు, కానీ ఆయన మాట దానికి అతికినట్టు సరిపోతుంది: దీపం ఉంది, కళ్ళజోడు లేదు. అది మనల్ని రికార్డు చేస్తోందో లేదో ఎదుటివాళ్ళకు తెలియకపోవడం ఇంకో గొడవ. సియాటిల్‌లో ఒక కేఫ్ దాన్ని పెట్టుకుని లోపలికి రావద్దని ముందే బోర్డు పెట్టేసింది. 2015 జనవరిలో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు.

పదేళ్ళ తర్వాత రే-బాన్ మెటా జోళ్ళు అటునుంచి వచ్చాయి. 1950ల నుంచి జనం ముఖాల మీద ఉన్న వేఫేరర్ ఆకారాన్ని యజమానిగా ఒప్పుకుని, కెమెరానీ మైకుల్నీ స్పీకర్లనీ ఆ ఆకారంలో సర్దారు. బరువు సుమారు 50 గ్రాములే. ఫోటో తీస్తున్నప్పుడు ముందు చిన్న దీపం వెలుగుతుంది. దాన్ని మూసేస్తే కెమెరా పనిచేయదు. ఎదుటివాడికి ఇచ్చే మర్యాదను కూడా ఒక విడిభాగంగా లెక్కేశారన్నమాట. వాటిలోని తెలివితేటల గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు గానీ, సర్దిన తీరు మాత్రం మెచ్చుకోవాలి.

అసలు పాఠం వీటికంటే పాతది. 1950ల మధ్యలో అమెరికాలో ఓటారియన్ అనే కంపెనీ లిజనర్ పేరుతో వినికిడి కళ్ళజోడు అమ్మింది. అంతకుముందు వినికిడి యంత్రమంటే జేబులో పెట్టె, చెవిదాకా తీగ. ట్రాన్సిస్టర్ రావడంతో ఆ పెట్టెలోని సరుకు కళ్ళజోడు కాడల్లో పట్టింది. కాడలు లావెక్కాయి, నిజమే. అయితే ఆ రోజుల్లో మందపాటి ఫ్రేముల మోజు కూడా ఉండేది కాబట్టి, చెవుడు దాచుకోవాలనుకునేవాళ్ళకు అది వరమైంది. మరి ఎందుకు నిలవలేదు? చెవి వెనక పెట్టుకునే చిన్న యంత్రాలు వచ్చాయి. అదొక్కటే కాదు. మొహం కడుక్కోవడానికి జోడు తీస్తే చెవులు కూడా పోయేవి. పవర్ మారితే అద్దాల కోసం జోడు షాపుకు ఇవ్వాలి, వారం రోజులు చూపుతో పాటు వినికిడి కూడా షాపులోనే. ఒకే వస్తువుకు రెండు ఉద్యోగాలిస్తే, ఒకదానికి సెలవు పెట్టినప్పుడు రెండోదీ ఆగుతుంది. 2025లో ఎస్సిలార్‌లగ్జోటికా న్యూయాన్స్ ఆడియో పేరుతో మళ్ళీ వినికిడి జోడు తెచ్చింది. ఇప్పటి సరుకు బియ్యపు గింజంత. జోడు తీస్తే వినిపించదనే సమస్య మాత్రం అలాగే ఉంది.

దీన్నుంచి నేను తీసుకున్నది ఒక్కటే: ఎలక్ట్రానిక్స్ అంతా కాడల్లోనే ఉండాలి, కాడలు ఒక్క మరతో ఊడిరావాలి. ముందు భాగం ఏ షాపువాడైనా భయం లేకుండా అద్దాలు మార్చుకునేంత మామూలుగా ఉండాలి. కెమెరా పెట్టాలనుకుంటే ఇది కుదరదు, ముందు భాగంలో చోటు కావాల్సిందే. మీ మొదటి జోడుకు కెమెరా వద్దు.

తీసేసినవి

రెండోసారి కూర్చున్నప్పుడు కాగితం మీద నా మొదటి జోడులో ఉన్నవన్నీ రాసి, ఒక్కోదాని పక్కన అది ఎవరికి కావాలో రాశాను. బ్లూటూత్: నాకు. యాప్: నాకు. తల వంచితే వెలగడం: నా స్నేహితులకు చూపించడానికి. టచ్: నాకు. దీపం: మావయ్యకు. నన్ను ఇంత సిగ్గుపరిచిన కాగితం నా దగ్గర ఇంకోటి లేదు.

"దీపం వెలిగించడానికి ఫోనెందుకురా?" అని ఆయన అంతకుముందే అడిగాడు, నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు బ్లూటూత్ తీసేశాను. దానితో యాంటెన్నా పోయింది, దాని చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోటు పోయింది, స్టాండ్‌బైలో తాగే కరెంటు పోయింది. కరెంటు తగ్గితే బ్యాటరీ చిన్నదైంది. బ్యాటరీ చిన్నదైతే కాడ సన్నబడింది. ఒకటి తీస్తే నాలుగు వాటంతటవే పోయాయి. చేర్చేటప్పుడు కూడా ఇదే లెక్క ఉంటుంది, కాకపోతే అప్పుడు మనకు కనబడదు.

మరి స్విచ్చు? కళ్ళజోడుకు పుట్టుకతోనే ఒక స్విచ్చు ఉంది, అదే మడతబందు. పెట్టుకునే ముందు ఎవరైనా కాడలు తెరుస్తారు, తీశాక మూస్తారు. ముందు భాగంలో మిల్లీమీటరు మందం అయస్కాంతం, కాడ మొదట్లో దాన్ని పసిగట్టే హాల్ సెన్సరు. తెరిస్తే వెలుగుతుంది, మడిస్తే ఆరుతుంది. మావయ్యకు నేర్పాల్సింది ఏమీ మిగల్లేదు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నదే చేస్తే చాలు.

ఏ కాడ స్విచ్చు ఆ కాడలోనే ఉండటంతో ఇంకో చిక్కు కూడా తీరింది. ఒక కాడలో బ్యాటరీ, రెండో కాడలో బోర్డు పెడితే తీగ రెండు మడతబందులు దాటాలి. రోజుకు పదిసార్లు తెరిచి మూస్తే ఏడాదికి 3,650 మడతలు. ఫ్రేముల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12870లో మన్నిక పరీక్ష 500 సార్లతో ముగుస్తుంది. ఫ్రేముకు అది చాలుతుంది, లోపలి తీగకు చాలదు. అందుకే రెండు కాడలనూ రెండు వేర్వేరు ఇళ్ళు చేశాను: దేని బ్యాటరీ దానిది, దేని బోర్డు దానిది, దేని దీపం దానిది. బోర్డులు రెండయ్యాయి, ఖర్చు పెరిగింది. మడతబందు దాటే తీగ మాత్రం ఒక్కటి కూడా లేదు. మీకు దాటక తప్పదంటే పలచటి పాలీఇమైడ్ ఫ్లెక్స్ వాడండి, రోల్ చేసి అనీల్ చేసిన రాగి ఉన్నదే అడగండి. మామూలుగా వేసిన రాగి పొర మడతలకు తొందరగా చిట్లుతుంది. మడత దగ్గర దాన్ని బిగించకుండా వదులుగా ఒక చుట్టు ఉంచండి.

దీపం గురించి ఒక మాట, ఎందుకంటే దీన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. చవక తెల్ల ఎల్ఈడీ కింద మావయ్య కెంపులన్నీ నల్లగా కనిపించాయి. రంగు ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ అనే అంకె ఉంటుంది, 90కి పైన ఉన్నవి తెచ్చాక కెంపు కెంపులా కనిపించింది. రెండు పక్కలనుంచి రెండు దీపాలు కాబట్టి ఒకదాని నీడను ఇంకోటి చెరిపేసింది. కానీ వెలుగు అద్దం అంచున తగిలి కంట్లోకి కొట్టింది. ఎల్ఈడీ పక్కన రెండు మిల్లీమీటర్ల చిన్న చూరు దించితే ఆ బాధ తీరింది. చూరు పెట్టాలన్న ఆలోచన అత్తయ్యది. ఎండలో నిలబడి ఎవరినైనా చూడాలంటే మనం నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకోమా అంది.

షాపు కుర్రాడి వేడిగాలి

రెండో జోడు బరువు తగ్గింది, బానే ఉంది. ఎడమ చెవి దగ్గర కొంచెం వదులని మావయ్య దాన్ని తనకు అలవాటైన ఆప్టికల్ షాపుకు తీసుకెళ్ళాడు. అక్కడి కుర్రాడు రోజూ చేసేదే చేశాడు, కాడను వేడిగాలిలో పెట్టి మెత్తబడ్డాక వంచాడు. లోపల లిథియం బ్యాటరీ ఉందని వాడికెవరూ చెప్పలేదు. మూడో రోజుకు కాడ అతుకు విచ్చుకుంది. లోపల సెల్లు ఉబ్బి దిండులా తయారైంది. నిప్పు రాలేదు, అదృష్టం. తప్పు వాడిది కాదు, నాది.

కళ్ళజోడును వేడిచేసి సరిచేయడం వందేళ్ళకు పైగా ఉన్న పద్ధతి. అసిటేట్ ఫ్రేములు తయారయ్యేదే అలా వంచడానికి వీలుగా. లిథియం పాలిమర్ సెల్లుకు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే ముప్పు, 45 దాటితే ఛార్జింగే పెట్టకూడదు. వేడిగాలి ఆ హద్దును క్షణాల్లో దాటుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు కూడా దాటగలదు. పెట్టె మీద హెచ్చరిక రాస్తే షాపువాడు చదవడు. వాడికి చదివే పని లేకుండా చేయడమే మన పని. బ్యాటరీని చెవి వంపుకు ముందే ఆపేశాను, మధ్య బిందువు ఆ 80 మిల్లీమీటర్ల దగ్గర పడేట్టు. చెవి వెనక ఇంకా మంచి చోటని పైన లెక్కే చెబుతోంది, అయినా ఆ చోటు షాపువాడికి వదిలేశాను. వంగే కొసను విడి ముక్కగా చేసి, లోపల పలచటి లోహపు తీగ పెట్టాను. వేడి లేకుండా చేత్తోనే వంగుతుంది. ముక్కు దగ్గర కూడా అచ్చుపోసిన వంతెన మానేసి, సర్దుకునే సిలికాన్ ప్యాడ్లు పెట్టాను. వంతెన లోతు తక్కువున్న ముక్కులు మనలో చాలా ఉన్నాయి, పడమటి దేశాల ఫ్రేములు జారేది అందుకే.

సెల్లు కొనేటప్పుడు దాని మీది అంకెలు చదవడం నేర్చుకోండి. 401030 అంటే 4 మిల్లీమీటర్ల మందం, 10 వెడల్పు, 30 పొడవు. సుమారు 100 మిల్లీఆంపియర్ అవర్ ఇస్తుంది, బరువు రెండు గ్రాముల పైచిలుకు. వయసు మీద పడేకొద్దీ సెల్లు ఉబ్బుతుంది, మందంలో పదో వంతు ఖాళీ వదలండి. అంటే 4.4, దానికి రెండు వైపులా 1.2 మిల్లీమీటర్ల నైలాన్ గోడ, మొత్తం 6.8. మామూలు కాడ 4 ఉంటుంది. ఆ తేడాను ఒక్కచోటే గడ్డలా కాకుండా పొడవునా సన్నగా పోయేట్టు గీస్తే కంటికి తెలియదు.

ఇంకో ప్రమాదం నలుగురికీ తెలియాలి. మార్కెట్లో దొరికే టీపీ4056 ఛార్జింగ్ బోర్డులు చాలావరకు ఒక ఆంపియర్‌కు సెట్ చేసి వస్తాయి. 100 మిల్లీఆంపియర్ అవర్ సెల్లుకు అది పదింతలు, పసిపిల్లకు కుండెడు పాలు పట్టినట్టు. ఎంసీపీ73831 లాంటి చిప్పు తీసుకుని, 20 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 50 మిల్లీఆంపియర్లు వస్తుంది. రెండు గంటల పైన పడుతుంది, పడనివ్వండి. రక్షణ సర్క్యూటు లేని సెల్లును తలకు దగ్గర పెట్టకండి. దీంట్లో బేరం లేదు.

నమూనాలకు నేను నైలాన్-12 పొడిని లేజరుతో అతికే త్రీడీ ప్రింటింగ్ వాడాను. తేలిక, వంగుతుంది, చెమటకు చెడదు, రేడియోకు అడ్డురాదు. హైదరాబాద్‌లో 2023 నుంచి టీ-వర్క్స్ ఉంది, ఇలాంటి నమూనాలు చేసుకోవడానికే. ఇంట్లో ప్రింటరుతో చేసినవి కొలతలు చూసుకోవడానికి పనికొస్తాయి, రోజూ పెట్టుకోవడానికి కాదు.

చిలుము

మూడో జోడు రెండు నెలలు బానే నడిచింది. తర్వాత ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. కాడ లోపలివైపు ఛార్జింగ్ కోసం పెట్టిన బంగారు పూత పిన్నులు రెంటిలో ఒకటి నల్లబడి, దాని చుట్టూ ఆకుపచ్చ పొర కట్టింది. నాసిరకం పిన్నులని నేను ఇంకో రకం వెతకడం మొదలుపెట్టాను.

మావయ్య దాన్ని తన భూతద్దం కింద పెట్టి చూశాడు. "చిలుం పట్టింది. పూత పల్చన, అది సరే. మరి ఒకటే పట్టి రెండోది ఎందుకు పట్టలేదు?"

నాకు తెలియలేదు.

"దీంట్లో కరెంటు ఎప్పుడూ ఉంటుందా?"

ఉంటుంది. ఛార్జరు బయట పెట్టె లోపల ఉంది, పిన్నులు నేరుగా బ్యాటరీకి తగిలి ఉన్నాయి.

ఆయన నవ్వాడు. "మేం పూత వేసేది ఇట్లాగే గదరా. తొట్టిలో ఉప్పుల నీళ్ళు, రెండు కొసలు, కరెంటు. ఇక్కడ బందరు ఉక్కపోత, నా చెమటే నీ ఉప్పునీళ్ళు. మేం బంగారం ఎక్కిస్తున్నాం, నువ్వు దించుతున్నావు."

ప్లస్ వైపు పిన్ను ఒక్కటే తినుకుపోవడానికి కారణం అదే. అయిదేళ్ళు ఎలక్ట్రానిక్స్ చదివిన నాకు విద్యుద్విశ్లేషణ పదో తరగతి పుస్తకంలో ఉంది, ఆయనకు చేతుల్లో ఉంది. ఛార్జింగ్ చిప్పును కాడ లోపలికి మార్చాను. బ్యాటరీ కరెంటు వెనక్కి రాకుండా అది ఆపుతుంది కాబట్టి, ఛార్జరు తగిలించినప్పుడు తప్ప పిన్నుల్లో కరెంటు లేదు. పూత సంగతి ఆయనే చూసుకున్నాడు. రాగి మీద నేరుగా బంగారం వేస్తే రాగి పైకి పాకుతుందని కింద ఒక నికెల్ పొర వేయించాడు. పైన బంగారం మందంగా ఉండాలని, నికెల్ చర్మానికి తగిలితే కొందరికి దురద పుడుతుందని ఆయనే చెప్పాడు. పిన్నులను చర్మానికి తగలకుండా అర మిల్లీమీటరు లోపలికి దించాను. ఏడాది అయింది, చిలుము లేదు.

మీ ఊళ్ళో రోల్డ్ గోల్డ్ పని లేకపోవచ్చు. వాచీలు బాగుచేసేవాడు ఉంటాడు, కుట్టుమిషన్లు సరిచేసేవాడు ఉంటాడు, పళ్ళ సెట్లు చేసేవాడు ఉంటాడు. మీ నమూనా జేబులో వేసుకుని వాళ్ళ దగ్గర టీ తాగండి.

రేడియో తప్పదనుకుంటే

కొందరికి బ్లూటూత్ నిజంగానే కావాలి. అయితే త్వరగా నాలుగు మాటలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, పావు తరంగం యాంటెన్నాకు మూడు సెంటీమీటర్ల పైన కావాలి. దాని దగ్గర లోహం ఉండకూడదు. అసిటేట్ కాడల్లో బలం కోసం పొడవునా లోహపు తీగ ఉంటుందని మర్చిపోతే రేడియో మూగబోతుంది. టైటానియం ఫ్రేమయితే ఇక చెప్పనక్కర్లేదు. మన తలలో నీరెక్కువ, అది రేడియోను తాగేస్తుంది. యాంటెన్నాను కాడ పైఅంచున, చర్మానికి వీలైనంత దూరంగా, మడతబందు వైపు పెట్టండి. పరీక్ష బల్ల మీద కాదు, తల మీద పెట్టుకుని చేయండి. చర్మానికి ఎంతసేపైనా తగిలే భాగం 43 డిగ్రీలు దాటకూడదు. బయట గాలే 42 ఉండే రోజుల్లో మీ ప్రాసెసరుకు మిగిలేది ఒక్క డిగ్రీ. అమ్మకానికి పెట్టేటట్టయితే లిథియం సెల్లుకు ఐఎస్ 16046 కింద బీఐఎస్ రిజిస్ట్రేషన్, రేడియోకు డబ్ల్యూపీసీ అనుమతి చూసుకోండి. ఇవి ఉన్న సెల్లు, ఇవి ఉన్న మాడ్యూలు మొదట్లోనే ఎంచుకుంటే తర్వాత తిరుగుడు తగ్గుతుంది.

ఇప్పటి జోడు 36 గ్రాములు. ముందు భాగం అద్దాలతో 18, ఒక్కో కాడ తొమ్మిది. ఒక్కో దీపం 25 మిల్లీఆంపియర్లు తాగుతుంది, అంటే లెక్క ప్రకారం నాలుగు గంటలు. ఉదయం తొమ్మిదికి తెరిస్తే ఒంటిగంట దాకా రావాలి.

రెండు సెల్లులూ ఒకే రకం, ఒకే రోజు కొన్నవి. అయినా ఎడమది ఎప్పుడూ పది నిమిషాలు ముందే ఆరుతుంది. నాకు అది కంట్లో నలుసులా ఉండేది. మొన్న దసరాకు వెళ్ళినప్పుడు జత కుదిరిన సెల్లులు రెండు పట్టుకెళ్ళాను, మార్చేద్దామని. మావయ్య జోడు నా చేతికివ్వలేదు.

"ఎడమది ఆరిందంటే చేతిలో రాయి పూర్తిచేసి లేవాలి, కుడిది ఆరేలోపు. మీ అత్త అన్నం పెట్టేది ఆ టైముకే" అన్నాడు. సెల్లులు రెండూ ఇంకా నా బ్యాగులోనే ఉన్నాయి.